అమ్మ మాట మీద నా మాట

నాకు నిలకడ లేదు. చిన్నప్పటినుంచీ మా అమ్మ అనే మాట ఇది. అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కడుక్కునే ధ్యాస, బస్సెక్కితే దిగే ధ్యాస. ఆత్మకూరులో బస్ డిపోకు దగ్గర్లో, ఎరువుల కొట్టు మేడమీద ఉన్న ఒక చిన్న కేబుల్ ఛానల్లో ఎనిమిదేళ్ళుగా సాయంత్రం వార్తలు చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ బల్ల కింద నా కాలు ఊగుతూనే ఉంటుంది. కెమెరాకు నడుము పైభాగమే కనిపిస్తుంది కాబట్టి బతికిపోయాను.

నిరుడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మా ఓనరుకు కెనడా నుంచి కబురొచ్చింది. అక్కడ నానా భాషల్లో కార్యక్రమాలు చేసే రేడియో సంస్థ ఒకటుంది. దాన్ని నడిపే పెద్దల్లో ఒకావిడ తెలుగు మనిషి. ఎవరి గొంతు ఎప్పుడూ ప్రసారం కాదో వాళ్ళచేత మాట్లాడించి, అలాంటి అరగంటలు ఊరూరి నుంచీ తెప్పించుకుంటున్నారట. మా వైపు నుంచి గొర్రెలు, మేకల్లాంటి జీవాలు మేపేవాళ్ళ గురించి కావాలన్నారు.

సాయంత్రం ఆరున్నరకు వీడియో కాల్. అక్కడప్పుడు పొద్దున. మా ఓనరు రెండు తరాలుగా సర్పంచ్ పదవి చేతిలో ఉన్న ఇంటి మనిషి, ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నాకేమో ఏడున్నర వార్తలకు ఇంకా ఒక్క ముక్కా రాయలేదన్న తొందర. తెరమీద ఆవిడ నెరిసిన జుట్టుతో, తీరిగ్గా, చాయ్ తాగుతూ మాట్లాడింది.

"మా దగ్గర కూడా చాలాకాలం ఇంతేనండీ. వలస వచ్చినవాళ్ళ గురించి వార్తలుండేవి, చెప్పేవాళ్ళలో మాత్రం వాళ్ళుండేవాళ్ళు కాదు. నేను కొత్తగా మైకు ముందు కూర్చున్నప్పుడు, నా ఇంగ్లీషు యాస వినేవాళ్ళకు ఇబ్బందని పక్కన పెట్టేశారు. ఇప్పుడు మైకు ముందు ఎవరు కూర్చోవాలో చెప్పే కుర్చీలో నేనున్నాను. అందుకే అడుగుతున్నాను. మీ ఛానల్లో జీవాలు మేపే కుటుంబాలవాళ్ళు ఎవరైనా పనిచేస్తున్నారా?"

మా ఓనరు నా వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయి వాళ్ళ బిడ్డే మేడమ్. మాట వింటే ఎవురన్నా నమ్ముతారా?"

నేను నవ్వాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఆ మాట నాకు మెచ్చుకోలుగానే వినిపించింది. ఉదయగిరి కొండ కింది మా పల్లె మాటను నాలుక మీంచి తుడిచెయ్యడానికి నేను పడ్డ పాట్లకు అది సర్టిఫికెట్ అనుకున్నాను. తెరమీద ఆవిడ మాత్రం నవ్వలేదు. "అయితే మీరే చెయ్యండమ్మా" అంది. నేను గడియారం చూసుకుని సరేనన్నాను.

ఎవరిని మాట్లాడించాలా అని వెతుక్కునే ఓపిక నాకెక్కడిది? మా అమ్మే ఉంది కదా. ఆదివారం పొద్దున బస్సెక్కి పల్లెకు పోయాను. దొడ్డి పక్కన వేపచెట్టు నీడలో అమ్మను మంచంమీద కూర్చోబెట్టి, కెమెరా స్టాండు మీద నిలబెట్టి, మైకు పెట్టి, మండు వేసవిలో మందను తోలుకుని సోమశిల డ్యాము పక్కకు పోయిన సంగతులు చెప్పమన్నాను. అమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయేది. ఒక మాట చెప్పి ఆగడం, నా మొహం చూడడం, మళ్ళీ ఇంకో మాట. నేను తల ఊపుతున్నాను. మనసులో మాత్రం కుతకుతలాడిపోతున్నాను. ఆత్మకూరు బస్సు నాలుగింటికి, అది తప్పితే వార్తలకు అందుకోలేను. అలా కాసేపు నెట్టి, అమ్మ "అంతేలే, ఇంగేముండాది" అని లేచింది. హమ్మయ్య అనుకున్నాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. పల్లె మనుషులు మాట్లాడితే మొదట ఒకటి రెండు మాటలు వినిపిస్తాం. ఆ తర్వాత వాళ్ళ గొంతు తగ్గించి, పైన మా గొంతు ఎక్కిస్తాం. వాళ్ళ నోరు కదులుతూ ఉంటుంది, విషయం మేం చెప్తాం. పని అయిపోగానే మెమరీ కార్డు చెరిపేసి మర్నాటికి సిద్ధం చేసుకుంటాం. ఎనిమిదేళ్ళుగా చేతికి అలవాటైన పని. అమ్మకూ అదే చేశాను. అమ్మ అంతసేపు చెప్పింది నా గొంతులో ఒక్క వాక్యమైంది. "వేసవిలో మేత కొరత కారణంగా పెంపకందారులు సోమశిల పరిసరాలకు తరలి వెళ్తుంటారు." ఇలాంటివే మరికొన్ని అతికించి, మందల గురించి నేనే వివరించి, అరగంట నింపాను. మా ఛానల్లో వేశాం. దాని ఆడియో కెనడాకు పంపాను. కార్డు చెరిపేశాను.

రెండు రోజులకు ఆవిడ వాయిస్ మెసేజ్ పంపింది. "పని నీటుగా ఉందమ్మా. కానీ మీ మాట కింద ఎవరో మాట్లాడుతున్నారు. నాకు కావాల్సింది ఆవిడే. ఆవిడెవరు?"

ఆలోచించకుండా జవాబు టైపు చేశాను. "ఉదయగిరి ప్రాంతానికి చెందిన ఒక పెంపకందారు."

పంపాక ఇక కూర్చోలేకపోయాను. మెట్లు దిగి డిపో దాకా నడిచాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ పోయాను. మా అమ్మ అని రాయడానికి నాకేమైంది? ఆవిడకు నా పుట్టుక తెలుసు, మా ఓనరు దాచలేదు. దాచింది నేనే. ఆ సాయంత్రం వార్తల్లో రెండుసార్లు తడబడ్డాను. ఎనిమిదేళ్ళలో అలా ఎప్పుడూ కాలేదు.

తరువాతి ఆదివారం మళ్ళీ పల్లెకు పోయాను. అమ్మ మేకపిల్లలకు కొమ్మలు విరిచి వేస్తోంది. నా చేతిలో మైకు చూసి ఆశ్చర్యపోయింది.

"మళ్ళీ ఎందుకుమే? మొన్న టీవీలో వచ్చినాది గదా. ఊర్లో అందురూ చూసినారు. నోరు నాది ఆడతా ఉండాది, మాట నీది వస్తా ఉండాది. అంత బాగా నేను యాడ చెప్పగలను?"

అందులో వెక్కిరింపేమీ లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనేదాన్ని.

"అది వాళ్ళు ఒప్పుకోలేదమ్మా. నీ గొంతే కావాలంట."

"అయితే ఆ పొద్దు చెప్పిందాన్నే ఇయ్యి."

"లేదు. చెరిపేసినాను."

అమ్మ చేతిలో కొమ్మ ఆగింది. "చెరిపేసినావా? పోనీలే. నేనేం చెప్పినానో నువ్వే చెప్పు, చూస్తాం. ఎదురుగ్గానే కూర్చోనుంటివి గదా."

నోరు తెరిచాను. సోమశిల అన్నాను, మేత అన్నాను, ఆపైన ఏమీ రాలేదు. అమ్మ ఎక్కడెక్కడ ఆగిందో నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే కత్తిరింపులన్నీ అక్కడే వేశాను. ఏం చెప్పి ఆగిందో మాత్రం గుర్తు లేదు. కన్నతల్లి ఎదురుగా కూర్చుని చెప్పిన మాట నా చెవుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నువ్వు ఇన్లేదుమే" అంది అమ్మ. "నేను ఒక మాట చెప్పి ఆగి చూస్తిని. ఊ అంటావేమోనని. నువ్వు తల ఊపతా గడియారం చూస్తా ఉండావు. ఊ అనేవాళ్ళు లేకపోతే ఎవురికి చెప్పేది? గోడకా?"

మైకు ముందు అడిగేవాళ్ళు కిక్కురుమనకూడదు, తల మాత్రమే ఊపాలి అని నాకు ఉద్యోగంలో మొదటిరోజే నేర్పారు. మా ఇంట్లోనేమో ఊ కొట్టకపోతే ఏ ముచ్చటా ముందుకు నడవదు. చిన్నప్పుడు నేను ఊ కొట్టడం మానితే, నిద్రపోయాననుకుని అమ్మ అక్కడికక్కడే ఆపేసేది. అది ఎలా మర్చిపోయానో నాకే తెలియదు.

"ఊ కొడతానమ్మా. చెప్పు."

"నీ నాలుగింటి బస్సు?"

"పోతే పోనీ."

అమ్మ చేతులు దులుపుకుని మంచంమీద కూర్చుంది. నేను కింద కూర్చున్నాను.

"ఆ ఏడు మేత లేదు. మందంతా తోలుకోని సోమశిల పక్కకు పోతిమి."

"ఊ."

"ఒక రైతు చేలో మంద కట్టినాము. ఎరువు పడతాదని ఆయనే పిలిచినాడు. నాకు నెలలు నిండి ఉండాయి. మీ నాయన వద్దన్నా నేనే పోతిని."

"ఊ."

"మాపటేళ గాలీవానా. జీవాలన్నీ చెదిరిపోయినాయి. కట్లు తెంచుకోని నాలుగు దిక్కులా పాయె. నేను కూడా పరిగెత్తితిని."

ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. మొన్న అమ్మ ఇంతదాకా వచ్చి ఉండదు, నా ఊ కోసం చూసి చూసి ముందే లేచిపోయింది. వింటూ ఊ కొట్టడం మర్చిపోయాను. అమ్మ ఆగి చూసింది. వెంటనే ఊ అన్నాను.

"తెల్లారేలోగా ఆ చేను పక్కన మోటారు షెడ్డులో నువ్వు పుడితివి. అప్పుడన్నా కాసేపు కుదురుగా పడుకున్నావా? కాళ్ళు ఆడించి ఆడించి నా పాతచీర చించినావు."

అమ్మ నవ్వింది. రోడ్డుమీద బస్సు హారన్ వినిపించింది. నా కాలు దానంతటదే కదిలింది. చేత్తో పట్టుకుని ఆపి, ఊ అన్నాను. అమ్మ పొద్దు వాలేదాకా చెప్పింది.

ఆఫీసులో మా ఓనరు అది విని పెదవి విరిచాడు. "ఆ ఊలు తీసెయ్యి అమ్మాయ్. మధ్యలో అడ్డంగా ఉండాయి." నిజానికి తీసెయ్యడం పెద్ద పనేం కాదు. మౌస్ పెట్టాను కూడా. "ఉండనీ అన్నా" అని, అందులో ఒక అరగంటను, ఏ గొంతూ తగ్గించకుండా, పెంచకుండా, ఉన్నదున్నట్టు కెనడాకు పంపాను.

మర్నాడు వార్తలకు ముందు జవాబు వచ్చింది. "ఈసారి ఆవిడ చక్కగా వినిపిస్తున్నారమ్మా. అలాగే వేస్తున్నాం. కింద ఎవరో ఊ కొడుతున్నారు, ఆ పేరు కూడా చెప్పాలి కదా. ఎవరది?"

గడియారం ఏడూ ఇరవై అయిదు చూపిస్తోంది. కెమెరా దగ్గర నుంచి పిలుస్తున్నారు. నేను కూర్చునే టైపు చేశాను.

"నేనే మేడమ్. ఆవిడ మా అమ్మ. ఆ మోటారు షెడ్డులో పుట్టింది నేనే."