ముందు రాయి, తరవాత రాయి అనే మాట

మా కొండబడి పంతులుగారు పోయారు. చలిజొరం ముదిరితే డోలీ కట్టి పాచిపెంట ఆసుపత్రి వైపు దింపుతున్నారు, ఘాటీ దారి సగంలోనే ప్రాణం పోయింది. దారిలో తాగుతారని నేను ఆనపబుర్రలో పోసిచ్చిన చోడి అంబలి అలాగే తిరిగొచ్చింది.

నేను కొండమనిషిని, ముసిలిదాన్ని. తెలుగు సంతల్లో నేర్చుకున్నాను, అక్షరాలు ఆయన దగ్గర, నా మనవరాలి పక్కన కూర్చుని. తప్పులుంటే మన్నించండి. చెప్పుకోడానికి ఇంకెవరూ లేక, ఇది చదివేవారు ఎవరైనా సరే, మీకు రాస్తున్నాను.

ఆయన పల్లం నుంచి వచ్చిన కొత్తలో పిల్లలకి రాయి చూపించి "ఇది ఏటి?" అనేవారు. ఆకు చూపించి "ఇది ఏటి?" అనేవారు. తెలుగు రాని పిల్లలు గట్టిగా "ఏటి!" అని అరిచేవారు. ఓ రోజు తల పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. నన్ను అక్క వరసతో అప్పా అని పిలిచేవారు.

"అప్పా, మీ గుంటలు ఏది సూపినా ఏటి అంతన్నారేటి?"

"మరేటంతారు బాబూ! తెలుగోళ్ళకి రాయికీ ఆకుకీ ఒకటే పేరనుకుంతన్నారు. పాపం, ఒక్క మాటతో ఎలా బతుకుతారో అని జాలిపడతన్నారు."

ఆయన అక్కడే కూలబడి నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "ముందు మీ మాట నేను నేర్సుకోవాల" అన్నారు. మర్నాటి నుంచి రాయి పిల్లల చేతికిచ్చి కొండమాటలో పేరు అడిగేవారు. ఆయన నోరు తిరక్కపోతే పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆ తరవాతే తెలుగు మాట.

ఇదంతా మన తాతల తాతలనాడు, పడమటి దేశంలో ఒక పాదిరి చెప్పిన పద్ధతట. రోమా గురువుల నుంచి విడిపోయిన సంఘంవాడట. యుద్ధంలో ఇల్లూ, రాసుకున్న కాయితాలూ తగలబడినా, పిల్లలకి చదువెలా చెప్పాలన్న బెంగ వదల్లేదట. బెంగపడే మనిషని నాకు ఆయన మీద ఇష్టం. తల్లి మాటలో మొదలెట్టాలి, వస్తువు చూపించాకే పేరు చెప్పాలి, కొట్టకూడదు అన్నాడట. పంతులుగారు ఆయన్ని సొంత మేనమామలా తలుచుకునేవారు.

బడి గోడమీద బొగ్గుతో మేక బొమ్మ వేసి పక్కన "మే" రాశారు. కాకి పక్కన "కా". మేక అరుపు తెలియని కొండపిల్ల ఉంటుందా? మనవరాలు ఆ రెండూ ఇంటికొచ్చి పొయ్యి బూడిదలో రాసింది. ఎవరో తండ్రి బెత్తం తెచ్చిస్తే, "బయపడ్డ గుంటడు బెత్తాన్ని సూస్తాడు గాని పలకని సూడడు" అని దాన్ని ఆనపపాదుకి ఊతం పెట్టారు.

"ఆడగుంటకి సదువేటి బాబూ, ఊరు నవ్వదా?" అని నేను వణికేదాన్ని.

"మనిషై పుట్టినోళ్ళందరికీ అన్నీ సెప్పాలన్నాడప్పా ఆ పాదిరి. ఆడగుంటలు మనుషులు కారేటి?"

ఆయన పోయాక కొత్త పంతులు వచ్చారు. గోడకి సున్నం కొట్టించారు, మేకా కాకీ పోయాయి. కొండమాట నోట వస్తే అరచేతి మీద దెబ్బ. ఆడపిల్లలు ఇళ్ళకి పొమ్మన్నారు. వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను.

"ఓ మూల కూకుంటాది బాబూ, మాటాడదు."

"అంబలి కాయడం నేర్పుకో, ముసిలీ."

పిల్ల ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. ఈ వానలు వెళ్ళేసరికి అంతా మరిచిపోతుంది. నాకొచ్చిన ముక్కలు దానికి చాలవు. నేనైనా ఎన్నాళ్ళుంటాను? ఎవర్ని అడగను? అడగడానికున్న ఒక్క మనిషినీ ఘాటీలో పూడ్చిపెట్టారు.

ఇవాళ పొద్దున్నుంచీ ముసురు. పిల్ల ఇంట్లో కనపడకపోతే ప్రాణం పోయినంత పనై వెతుక్కుంటూ వెళ్ళాను. బడి కిటికీ కింద నిలబడి ఉంది. లోపల మగపిల్లలు పాఠం వల్లిస్తున్నారు. తలకి కప్పుకున్న ఆకుల గిడుగు మీద పడే వాన చప్పుడుకి మాటలు వినపడలేదు కాబోలు, గిడుగు తీసి బురదలో పెట్టేసింది. తలమీంచి నీళ్ళు కారుతుంటే, చెవి గోడకి ఆనించి, పెదాలు కదుపుతోంది.