నురగ రాని సబ్బు

నురగను చూసి మోసపోయిన మనిషంటే నాకు ముందు మా బాపే గుర్తొస్తాడు. ఆయనది జనగామ బజారులో కిరాణా దుకాణం. దాని వెనక రేకుల కొట్టంలో ఫినాయిలు తయారుచేసి, మానుకోటలో ఒక దవాఖానకు రైల్లో పంపేవాడు. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. వరంగల్‌లో పీయూసీ మధ్యలో ఆగిపోయి ఇంటికొచ్చిన నన్ను బాపు ఆ కొట్టంలోకి తోశాడు. కాలేజీ ఎప్పుడు తెరుస్తారా అని రోజూ పేపరు తిరగేసేదాన్ని. ఇంకో ధ్యాస ఉండేది కాదు.

ఫినాయిలు చేయడం చెప్పుకోవడానికి తేలికే. నూనెను కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సబ్బవుతుంది. అందులో తారునూనె, కాసిన్ని నీళ్లు కలపాలి. కుదిరితే డబ్బాలో నూనె జాడే తెలియదు, డికాషన్‌లా తేటగా ఉంటుంది. బకెట్ నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుంది. మాది ఒక్కసారీ కుదిరేది కాదు. వేడి మీద బుద్ధిగా ఉండి, తెల్లారేసరికి నూనె వేరు, నీళ్లు వేరు. బాపు మాత్రం కొబ్బరినూనె సబ్బు తప్ప ఇంకోటి ముట్టడు.

"గా నురగ జూడు బిడ్డా! నురగ ఉంటెనే మందు పనిచేస్తది," అనేవాడు.

దవాఖాన నుంచి డబ్బాలు వాపసు వచ్చాయి. నేను కాగులో సరిగ్గా కలియతిప్పలేదట, బాపు నింద! అరచేతులు బొబ్బలెక్కేలా తిప్పిన నాకు ఒళ్లు మండిపోయింది.

కాలేజీ మూయకముందు మా కెమిస్ట్రీ సారు క్లాసులో ఒక మాట చెప్పారు. నురగ రావడం వేరు, నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచడం వేరు, ఒక్కో సబ్బుది ఒక్కో తీరు, ఆముదం సబ్బుకు నురగ తక్కువైనా పట్టు ఎక్కువ అని. అది గుర్తొచ్చి, ఆముదంతో సబ్బు చేద్దామన్నాను.

"ఆముదమా? దానికి నురగేడిది? పిచ్చి లేసిందా ఏంది?"

ఆయన పనిమీద స్టేషన్ ఘన్‌పూర్ పోయిన రోజున చేసేశాను. నురగ దాదాపు రాలేదు. ఆ సబ్బుతో కలిపిన ఫినాయిలును సీసాలో పోసి వారం రోజులు కిటికీలో పెట్టాను. పొద్దున లేవగానే భయంభయంగా చూసేదాన్ని. విడిపోలేదు. ఎండకు పట్టుకుంటే ఎర్రగా, తేటగా మెరిసింది. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. వినడానికి అక్కడెవరున్నారు?

విడిపోని ఆ సీసా చూశాక బాపు సణుగుతూనే ఆ రకం ఫినాయిలునే దవాఖానకు పంపాడు. ఈసారి మానుకోట నుంచి డబ్బాలు తిరిగి రాలేదు. ఇంకా పంపమని కబురొచ్చింది. ఆ వారమే కాలేజీలు తెరుస్తున్నారని పేపర్లో పడింది. ట్రంకు పెట్టె దులిపి బట్టలు సర్దుకుంటుంటే బాపు వచ్చి, ఎన్నడూ లేనంత మురిపెంగా నన్ను చూశాడు.

"గింత మంచిగ చేస్తున్నవ్ బిడ్డా. ఇంక కాలేజీకి పోయి ఏం నేర్చుకుంటవ్?"

"అక్కడ నేర్చుకున్నదే గదా బాపూ, ఇక్కడ చేసింది," అన్నాను.

ఆయన వినలేదు. అప్పటికే కొట్టంలోకి పోయి, కొత్తగా తెప్పించిన ఆముదం డబ్బా మూత తీస్తున్నాడు.