నేను వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఈ ఉదయం మనల్ని ఊపిరితో లేపి ఈ మందిరంలో ఒక్కచోట కూర్చోబెట్టిన దేవునికి ముందుగా నా కృతజ్ఞతలు, సహోదరులారా, సహోదరీలారా. ఈమధ్య ఉక్కునగరం వైపు నుంచి కొత్తగా వస్తున్న కుటుంబాలు నన్ను ఎరగవు కాబట్టి చెబుతున్నాను, నా పేరు దానియేలు, పోర్టులో క్రేన్ల దగ్గర ఫోర్‌మన్‌ని, కంచరపాలెంలో మా ఇల్లు. ఈ సంఘానికి చాలాకాలం పెద్దగా ఉన్నాను, మధ్యలో ఆపేశారు, మళ్ళీ పెట్టారు. ఎందుకు ఆపేశారో పాతవారికి తెలుసు. నా సుగరు జబ్బు గురించి ఇదే చోట, ఇదే బల్ల పక్కన నిలబడి నేను కొన్నేళ్ళ కిందట ఒక సాక్ష్యం చెప్పాను, అది అబద్ధం. ఆ అబద్ధంలోంచి ప్రభువు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పడానికే ఈరోజు లేచాను.

నేను ఖలాసీగా ఉన్నన్నాళ్ళూ సైకిలు మీదే డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. ఫోర్‌మన్‌గా ప్రమోషన్ వచ్చాక స్టాఫ్ బస్సు మా వీధి చివరికే వచ్చేది, ఇక సైకిలెందుకని వరండాలో గోడకి ఆనించేస్తే మా ఇంటావిడ సారమ్మ దానిమీద తడి తువ్వాళ్ళు ఆరేసుకునేది. డ్యూటీలో కుర్చీ, టీ, పకోడీ, సాయంత్రమైతే ఇళ్ళల్లో ప్రార్థనకి గృహకూటాలు, ఆ కూటాల్లో మళ్ళీ టీ, మళ్ళీ ఏదో ఒక తీపి, ఇలా ఏళ్ళు గడిచేసరికి ఒళ్ళు వచ్చేసింది. నలభై రెండేళ్ళకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎన్ని చెంబుల నీళ్ళు తాగినా తీరని దాహం, అరికాలికి చెప్పు ఉందో లేదో తెలియనంత తిమ్మిరి. పెరట్లో నేను ఒంటికి వెళ్ళొచ్చిన చోట చీమలు పట్టడం ముందుగా చూసింది మా అమ్మాయి కరుణ, అప్పుడది పదో తరగతి చదువుతోంది. పెద్దాసుపత్రి డాక్టరుగారు పరీక్ష చేయించి సుగరని తేల్చారు, బిళ్ళలు రాశారు, తీపి మానమన్నారు, రోజూ నడవమన్నారు, ఇంట్లో సైకిలుంటే అది తొక్కితే మరీ మంచిదన్నారు. బిళ్ళలైతే మింగాను గాని సైకిలు జోలికి పోలేదు. ఫోర్‌మన్ అయ్యాక కూడా సైకిలు తొక్కుతున్నాడంటే ఖలాసీలు ఏమనుకుంటారోనని నా బాధ.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక మైదానంలో పందిరి వేసి మూడు రోజులు స్వస్థత కూటాలు పెట్టారు. మూడో రోజు సాయంత్రం నేనూ ముందుకి వెళ్ళి మోకరించాను, కన్నీళ్ళతో ప్రార్థించాను, ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికదనం నిజమే, సహోదరులారా, దేవుడు ఆరోజు నన్ను తాకలేదని నేను అనను. ప్రసంగం చేసిన దైవజనుడు కూడా బిళ్ళలు మానెయ్యమని ఎవరికీ చెప్పలేదు. ఆ మాట నేనే కలిపాను. మర్నాడు ఆదివారం మీ ముందుకొచ్చి, నా రక్తంలో సుగరు లేదు, బిళ్ళలు పారేశాను, దేవునికే మహిమ అని గట్టిగా చెప్పాను. పరీక్ష చేయించుకున్నారా అని ఎవరూ అడగలేదు, నేనూ చేయించుకోలేదు. మందిరమంతా ఆమెన్ అంది. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో తల్లి పక్కన కూర్చున్న కరుణ మాత్రం అనలేదు, తల వంచుకుని పాటల పుస్తకం అట్టని గోటితో గీకుతోంది.

నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించింది, ఐదో రోజు నుంచి దాహం మొదలైంది. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది, విప్పలేదు. ఎలా విప్పగలను? నా సాక్ష్యం విని ఇంటింటా సంతోషించి, కూటం ఎక్కడ పెట్టినా నాకని వేరే పళ్ళెం పెట్టేవారు, ఒక ఇంట్లో అరిసెలు, ఒక ఇంట్లో మాడుగుల హల్వా. మీకు ప్రభువు తీసేశాడు కదా, తినండి అని ప్రేమతో పెడుతుంటే వద్దనడం ఎలా, వద్దంటే నేను చెప్పింది కల్ల అని తేలిపోదా? కాబట్టి తిన్నాను. మనిషి ఆకలికి తినడం చూశాం, రుచికి తినడం చూశాం, నేను నా మాట నిలబెట్టుకోవడానికి తిన్నాను. ఒకరోజు పెరట్లో కరుణ నా దగ్గరికొచ్చి, "నాన్నా, సీమలు ఇంకా వత్తన్నాయి," అంది మెల్లగా. విశ్వాసం లేని మాటలు మాట్లాడొద్దని కసిరాను. ఆ తరువాత చాలా నెలలు ఆ పిల్ల నాతో అవసరమైతే తప్ప మాట్లాడలేదు. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన కూడా మీకు చెప్పాలి, సిగ్గుగా ఉన్నా చెబుతాను. "ప్రభువా, అందరి ముందూ చెప్పేశాను, నా మాట పోకుండా చూడు, నన్ను బాగుచేసి నేనన్నది నిజం చెయ్యి." నన్ను క్షమించు అని ఒక్కసారీ అడగలేదు, నా పరువు కాపాడమనే అడిగాను.

ఇప్పుడు నరసమ్మ గారి సంగతి చెప్పాలి. అదిగో, వెనక చాప మీద కూర్చున్నారు, ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆవిడది జాలరిపేట, వేకువనే పడవల దగ్గర చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని కంచరపాలెం దాకా నడిచొచ్చి వీధుల్లో అమ్మేవారు. మా ఇంట్లో చేపలిస్తూ సారమ్మతో మాటల్లో పడి మన సంఘానికి వచ్చారు. ఆవిడకీ సుగరే. ఒకరోజు మా గుమ్మంలో బుట్ట దించుతుంటే కాలికి గుడ్డ కట్టి ఉంది, పడవ మేకు గుచ్చుకుందట, పసుపు పెట్టినా మానడం లేదట. బిళ్ళలు వేసుకుంటున్నారా అని అడిగాను.

"ఇంకేటి బిళ్ళలు పెద్దగోరూ? మీకు తగ్గిపోనాదని సెప్పినారు కదా, ఆ ఆదివారమే నాను కూడా సముద్రంలో ఇసిరేసినాను," అన్నారు నవ్వుతూ.

సహోదరులారా, నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మా, నాకు తగ్గలేదు, నువ్వు ఈ పూటే ఆసుపత్రికి వెళ్ళు అంటే సరిపోయేది. నేనేం చేశానో తెలుసా, ఆ కాలి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించాను. వారం దాటింది. చేపలమ్మ రాలేదేమని సారమ్మ కనుక్కుంటే జ్వరంతో పెద్దాసుపత్రిలో ఉన్నారని తెలిసింది, మేం వెళ్ళేసరికే రెండు వేళ్ళు తీసేశారు, ఇంకో వారం ఆగుంటే పాదమే తీయాల్సి వచ్చేదట. మేం మంచం పక్కన నిలబడి ఉండగానే డాక్టరుగారు వచ్చి, బిళ్ళలు మానమని నీకెవరు చెప్పారమ్మా అని కోపంగా అడిగారు. ఆవిడ నన్ను చూశారు. చూసి, మొహం అటు తిప్పుకుని, "ఎవులూ సెప్పలేదు బాబూ, నాకే అలా తోసింది," అన్నారు.

నన్ను కాపాడడానికి ఆవిడ ఆ మాట అన్నారు, ఆవిడ వేళ్ళు పోవడానికి కారణమైన నన్ను. వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని ఏడ్చాను. తిన్నగా మన పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను. అయ్యగారు అంతా విని, "ఎక్కడ చెప్పారో అక్కడే వెనక్కి తీసుకోండి దానియేలుగారూ, ఆమె వచ్చి ఎదురుగా కూర్చున్న రోజున," అన్నారు. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చేదాకా, అన్ని వారాలూ, ఆ మాటని గుండె మీద పెట్టుకుని తిరిగాను. ఈలోగా బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టాను.

ఆవిడ మందిరానికి వచ్చిన ఆదివారం నేను లేచి అంతా చెప్పాను. ఆమెన్ అనదగిన మాట కాదు కదా అది. కొందరికి కోపం వచ్చింది, బయటివాళ్ళు వింటే సంఘం పరువేం కాను అని మగవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక అలాగే నిలబడిపోయాను. అప్పుడు వెనక నుంచి నరసమ్మ గారు, కట్టు కట్టిన కాలు చాపుకునే, అందరికీ వినిపించేలా మాట్లాడారు.

"అదంతా సరే పెద్దగోరూ, నాను బుట్టెత్తుకుని నడవలేను, బుట్టుంటే బస్సోడు ఎక్కనివ్వడు, నీసు వాసనంటాడు. రేపు నా బుట్ట ఎవులు మోత్తారు?"

ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగారు. నేను మోస్తానమ్మా అన్నాను. ఎలా మోస్తానో ఆలోచించకుండానే అన్నాను, ఇంటికెళ్ళాక వరండాలో తువ్వాళ్ళు తీసి చూస్తే సైకిలు టైర్లు రెండూ పగిలిపోయి ఉన్నాయి. ఆ సాయంత్రమే బాగుచేయించాను. తెల్లవారుజామునే జాలరిపేట వెళ్ళి, బుట్ట వెనక క్యారియర్‌కి కట్టుకుని బయల్దేరితే, ఒట్టి చేతులతో ఆవిడ బస్సెక్కి వచ్చేవారు. మొదటిరోజు దారిలో ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. కంచరపాలెం మెట్ట దగ్గర పూర్తిగా దిగిపోయి, నోరు తెరుచుకుని, బుట్టలోంచి కారిన నీళ్ళతో ప్యాంటు తడిసి, నెట్టుకుంటూ వచ్చాను, రెండు కుక్కలు నా వెంటే. సరిగ్గా అప్పుడే రాత్రి డ్యూటీ దిగినవాళ్ళతో స్టాఫ్ బస్సు పక్కనుంచి వెళ్ళింది. కిటికీలోంచి మా క్రేను డ్రైవరు, "ఏటి బావా, పోర్టు ఒగ్గేసి సేపల యాపారం ఎట్టినావా?" అని కేకేశాడు, బస్సంతా నవ్వింది. ఎన్నేళ్ళుగా ఏ నవ్వుకి భయపడి సైకిలు ముట్టుకోలేదో ఆ నవ్వు నా మీదుగా వెళ్ళిపోయింది, నేను నెట్టుకుంటూ ఇంటికి చేరాను.

అయ్యగారు నన్ను పెద్దరికం నుంచి ఆపారు, న్యాయమే. కూటాలకు మాత్రం వెళ్ళేవాణ్ణి. తీపి పెడితే, "వద్దమ్మా, నాకు సుగరుంది," అనడం నేర్చుకున్నాను. ఎంత చిన్న మాటో చూడండి, మెట్ట ఎక్కడం కంటే అదే నాకు కష్టమైంది. మొదట్లో ఆ మాట అన్నాక ఇంటివాళ్ళ మొహం చూడలేక నేల చూపులు చూసేవాణ్ణి. ఇంట్లో సారమ్మ పొద్దున్నే రాగులతో చోడంబలి కాచేది, రాత్రి అన్నం తగ్గించి కూర పెంచింది, టీలో పంచదార మానేశాం. చలికాలం వచ్చేసరికి మెట్ట సగం దాకా దిగకుండా ఎక్కగలిగాను. మళ్ళీ ఎండలు ముదిరేలోగా, నిండు బుట్టతో, ఒకరోజు పైదాకా వెళ్ళిపోయాను. పైకొచ్చాక గాని నాకే తెలియలేదు. సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, "ప్రభువా, నీకు స్తోత్రం," అన్నాను. నా పరువు గురించి కాకుండా నేను చేసిన ప్రార్థన చాలాకాలానికి అదే.

ప్యాంట్లు వదులైతే కుట్టించుకున్నాను. పాదాలకి నేల తెలుస్తోంది. డాక్టరుగారు కాగితం చూసి, ఏం చేస్తున్నారండీ అని అడిగితే చేపలు మోస్తున్నానండీ అన్నాను, ఆయన నమ్మలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక ఉదయం నేను బయల్దేరబోతుంటే కరుణ లేచొచ్చి, అడగకుండానే పంపు తెచ్చి వెనక చక్రానికి గాలి కొట్టింది. కొట్టడం అయ్యాక టైరు నొక్కి చూసి, "సాలు నాన్నా, మెల్లగా ఎల్లు," అంది.

నరసమ్మ గారు ఇప్పుడు వీధులు తిరగడం మానేసి రైల్వే గేటు దగ్గర ఒక్కచోటే కూర్చుని అమ్ముతున్నారు, బుట్ట మాత్రం ఈరోజుకీ నా సైకిలు మీదే వస్తుంది. కరుణకి పెళ్ళయి దువ్వాడలో కాపురం ఉంటోంది, సెలవు రోజుల్లో అక్కడికీ సైకిలు మీదే వెళ్ళొస్తున్నాను. ఇదంతా ప్రభువు చేసింది, దేవునికే మహిమ. నాకు జరిగిన మేలేమిటో చెప్పమని మీరు అడిగారు, సుగరు పోయిందని మునుపటిలాగే చెబుతానని కొందరు ఎదురుచూస్తున్నారు కూడా. చెబుతున్నాను, వినండి. నా సుగరు పోలేదు. ఈ ఉదయం కూడా బిళ్ళ మింగే వచ్చాను. కిందటి నెల డాక్టరుగారు పరీక్ష చూసి ఆ బిళ్ళని సగం చేశారు, కాగితం అయ్యగారి దగ్గర ఇచ్చాను, ఎవరైనా చూడొచ్చు.

మీలో ఎవరైనా జబ్బుని దాచుకుని బాగున్నాననే మాట మోస్తుంటే, కూటం అయ్యాక నా దగ్గరికి రండి, ఆసుపత్రికి నేను తోడొస్తాను, సైకిలు తొక్కలేకపోతే నడుద్దాం. ప్రభువుని నమ్మండి, ఆయన పేరు నిలబెట్టడానికి మన అబద్ధం ఆయనకి అక్కరలేదు, మనం ఉన్నదున్నట్టు వస్తే చాలు, అక్కణ్ణించి మొదలుపెడతాడు. నాతో మొదలుపెట్టాడు కదా.

నేను చెప్పాల్సింది అయిపోయింది. మా అమ్మాయి పిల్లవాణ్ణి ఎత్తుకుని అదే మూడో వరసలో కూర్చుని ఉంది. మీరందరూ ఒక్క క్షణం ఆగండి, నేను చెప్పినదానికి ముందు కరుణ ఆమెన్ అంటే విని, అప్పుడు కూర్చుంటాను.