లైట్‌హౌస్‌కి దారెటు

బల్దోమేరో గారికి దారి అడిగే జబ్బుంది.

తెలియనివాళ్లు దారి అడగడంలో వింతేముంది అంటారేమో. ఆయన వృత్తి గైడు. రోజూ పొద్దున శాంతియాగోలో యాత్రికుల బస్సెక్కి, తీరం వెంట, నేల సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఫిస్తెర్రా కొస దాకా వెళ్లి, అక్కడి లైట్‌హౌస్ చూపించి వెనక్కి తీసుకురావడం ఆయన ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, అది నెరిసి, సగం రాలిపోయేదాకా అదే రోడ్డు మీద తిరిగిన మనిషి. పైగా ఆ రోడ్డుకు పక్కదారి అంటూ లేదు. కుడివైపు కొండ, ఎడమవైపు అట్లాంటిక్ మహాసముద్రం. దారి తప్పాలని మొక్కుకున్నా తప్పలేం. అయినా సరే, మలుపులో ఒక ఇల్లు, ఆ ఇంటి ముందు ఒక మనిషి కనబడితే చాలు, డ్రైవరు భుజం తట్టి, "కాస్త ఆపమ్మా, కనుక్కుని వస్తా" అనేవారు.

ఆ డ్రైవరు సబేలా. నలభై దాటిన మనిషి. ఎక్కడో లోపలి కొండల్లో తాను పనిచేసే కుట్టుమిల్లు మూతపడితే, బస్సు లైసెన్సు సంపాదించుకుని, తెలిసిన ముఖం ఒక్కటీ లేని శాంతియాగోకి వచ్చింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పై అంతస్తులో ఒంటరి గది. వంట చేసుకుంటూ రేడియో పెట్టుకునేది. పాటల కోసం కాదు, ఇంట్లో ఇంకో గొంతు ఉంటుందని. సెలవు కాబట్టి ఆదివారమంటేనే ఆమెకు భయం. సాయంత్రం ఏదో ఒక మాట పైకి అనుకుంటే, ఆ గొంతు తనదేనా అనిపించేది.

ఒకరోజు యజమాని రమీరో ఆమెను పిలిచాడు.

"చూడమ్మా, బస్సు రాత్రి ఎనిమిదింటికల్లా తిరిగొచ్చి ఊరి కూడలిలో ఉండాలి. హోటల్లో భోజనాలు చెప్పి ఉంటాయి. ఈ నెలాఖరులోగా ఇంకొక్కసారి ఆలస్యమైందా, నువ్వు వేరే పని చూసుకోవాల్సిందే."

"నావల్ల కాదండీ ఆలస్యం. ఆ గైడు గారు ప్రతి గుమ్మం ముందూ..."

"తెలుసమ్మా. ఆయనతో వేగలేకే నీ ముందు డ్రైవరు పారిపోయాడు. కానీ ఆయన మా నాన్న పెట్టిన మనిషి, తీసెయ్యలేను. తియ్యగలిగింది నిన్నే కదా."

ఈ న్యాయం విన్నాక సబేలా బస్సు తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

ఆ తీరంలో దారి అడగడమంటే మాటలు కాదు. అక్కడ ఎవరూ అడిగినదానికి తిన్నగా బదులు చెప్పరు. మీరొకటి అడిగితే వాళ్లు రెండు అడుగుతారు. అందులో ఒకటి తప్పకుండా మీ వంశం గురించి ఉంటుంది. ఇళ్లు బోలెడున్నా పొగ వచ్చే పొగగొట్టాలు తక్కువే. ఆ పొగ వచ్చే ఇళ్ల దగ్గరే బల్దోమేరో గారు దిగేవారు. మొదట, పడవలు చేసి చేసి ఇప్పుడు చేయించుకునేవాళ్లు లేక ఊరికే కూర్చున్న సెవెరీనో తాత. చివర, రాతి గాదె పక్కన ఒంటరిగా ఉండే ఎర్మితాస్ అవ్వ.

"లైట్‌హౌస్‌కి దారెటు అవ్వా?"

"ఎటునుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది."

"ఇటునుంచే."

"అయితే చెప్పొచ్చు. ఇంతకీ నువ్వెవరింటి వాడివి నాయనా?"

నిన్నా ఇదే ప్రశ్న. మొన్నా ఇదే.

"కుంటి అమాన్సియో మనవణ్ణి."

"ఏ అమాన్సియో? పడవ తాకట్టు పెట్టినవాడా, మా గట్టు జరిపినవాడా?"

"గట్టు జరిపినవాడే."

"అదీ సంగతి. ఆ ముక్కు చూసినప్పుడే అనుకున్నా."

అక్కణ్ణించి గట్టు, గట్టు మీది తగువు, తగువులో విరిగిన పార, ఆ పార చేసిన కమ్మరి పెళ్లి. అన్నీ అయ్యాక అవ్వ చెయ్యి చాచి, "తిన్నగా పో" అనేది. ఆయన చేతులు జోడించినంత పని చేసి బస్సెక్కి, "తిన్నగానే పోవాలట" అని ఎంతో కొత్త సంగతిలా అందరికీ చెప్పేవారు.

సబేలా ఊరుకోలేదు. దారి చెప్పే ఫోను ఒకటి తెచ్చి స్టీరింగు పక్కన అతికించింది. "ఇక మీరు దిగక్కర్లేదండీ. ఇది చెప్పేస్తుంది."

బల్దోమేరో గారు చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నారు. "గొంతు బాగుంది. ఎవరింటి పిల్లట?"

ఆ ఫోను మర్నాటి నుంచి సబేలా సంచిలోనే ఉండిపోయింది.

ఆపిన చోటల్లా పోయిన టైమును తిరుగుదారిలో వేగంగా తోలి ఎలాగో కూడదీస్తూ ఉండగా, నెలాఖరు శనివారం వచ్చింది. బస్సు కదిలే ముందు సబేలా ఆయన్ను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఇవాళ ఆపనండీ. ఇవాళొక్కరోజు గడిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. ఇది పోతే నాకు ఇంకో ఊరు వెతుక్కునే ఓపిక లేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. "ముందే చెప్పొద్దటమ్మా," అని వెళ్లి తన సీట్లో కూర్చున్నారు.

సెవెరీనో తాత ఇల్లు రాగానే బల్దోమేరో గారు చటుక్కున కిందికి వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన బూట్లకు లేసులు లేవు. ఇల్లు దాటాక లేచి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. రాళ్ల మీద అలలు విరుగుతుంటే యాత్రికులు ఫొటోలు తీసుకుంటున్నారు. ఆయన మాత్రం ఆ రోజు ఏ రాయి గురించీ నోరు విప్పలేదు. అంత మాటకారి అలా కూర్చుంటే సబేలాకు బస్సు ఖాళీగా ఉన్నట్టనిపించింది.

చివరి మలుపులో ఎర్మితాస్ అవ్వ నిలబడి ఉంది. జుట్టు తడిపి దువ్వుకుంది. ఇస్త్రీ చేసిన ఏప్రాను కట్టుకుంది. పక్కన గోడ మీద, గుడ్డ కప్పిన పళ్లెం. బస్సు కనబడగానే, అడగకముందే, కుడిచెయ్యి చాచి దారి చూపిస్తోంది.

బస్సు ముందుకెళ్లిపోయింది. అద్దంలో చూస్తే, ఆ చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

ఆ నిలబడటం ఏమిటో సబేలాకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం తన కిటికీ దగ్గర తను నిలబడేది అలాగే. బ్రేకు వేసి, బస్సును వెనక్కి నడిపించింది.

"ఏమైంది?" అన్నాడు ముందు సీట్లోంచి, పొద్దుటి నుంచీ వాచీ చూసుకుంటూనే ఉన్న మాడ్రిడ్ పెద్దమనిషి.

"దారి తప్పామండీ," అని సబేలా దిగింది.

"లైట్‌హౌస్‌కి దారెటు అవ్వా?"

అవ్వ చెయ్యి దించి, ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వెవరింటి పిల్లవి?"

"ఈ చుట్టుపక్కల ఎవరింటి పిల్లనూ కాదవ్వా."

"అదేం మాట. ఏ ఇల్లూ లేకుండా ఎవరైనా పుడతారా. మీ అమ్మ పేరు చెప్పు."

ఇక్కడికొచ్చాక ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. సబేలా తల్లి పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మూతపడ్డ మిల్లు సంగతి కూడా చెప్పింది. చెప్పాక ఊపిరి తేలికగా ఆడింది. తర్వాత బస్సు వైపు చూసి గొంతు తగ్గించింది.

"అవ్వా, ఆయనకు దారి తెలుసు. ఆ సంగతి నీకు తెలుసా?"

"తెలియకేం. ఆ లైట్‌హౌస్‌లోనే పుట్టాడు. అక్కడ దీపం చూసేది వాళ్ల నాన్నే. వీడికి బొడ్డు కోసింది మా అత్త."

"మరి రోజూ నువ్వు..."

"ఏం చెయ్యనమ్మా. ఒంటి మనిషి, మాటకు ముఖం వాచి ఉన్నాడు పాపం. దారి వంక పెట్టుకుని వచ్చి నిలబడతాడు. ఆపాటి చెప్తే నా సొమ్మేం పోయింది." అంటూనే పళ్లెం మీది గుడ్డ తీసింది. పల్చటి అట్లు. "అందరికీ పంచు. వాడికి చివరిది ఇవ్వు, మాడిందంటే వాడికిష్టం."

సబేలా బస్సెక్కేసరికి బల్దోమేరో గారు కళ్లు తుడుచుకుంటున్నారు. గాలికి ఇసుక పడిందన్నారు. కిటికీ మూసే ఉంది.

"ఏమందమ్మా?"

"తిన్నగా పొమ్మందండీ. తిరిగొచ్చేటప్పుడు సెవెరీనో తాతను కూడా ఒకసారి అడుగుదాం. ఎందుకైనా మంచిది."

కూడలికి చేరేసరికి ఆలస్యం మామూలుగా కాలేదు. రమీరో నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అందరికంటే ముందు మాడ్రిడ్ పెద్దమనిషి దిగాడు.

"పొగమంచండీ," అన్నాడు.

"ఆవులు అడ్డొచ్చాయి," అంది అదే సమయానికి వెనకున్నావిడ.

రమీరో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మంచా, ఆవులా?"

"మంచులో ఆవులు," అన్నాడు పెద్దమనిషి, మూతి తుడుచుకుంటూ. "హారను కొట్టినా కదలవు. ఈ డ్రైవరమ్మ కాబట్టి ప్రాణాలతో వచ్చాం."

రమీరో ఆకాశం వైపు చూశాడు. చుక్కలు మిలమిల్లాడుతున్నాయి. "సరే, భోజనాలు ఇక మీద ఇంకో అరగంట ఆలస్యంగా చెప్తాను. నువ్వు సోమవారం వచ్చి పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టు," అని సబేలాతో అని, నవ్వు కనబడకుండా అటు తిరిగాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం వాన పడుతోంది. సబేలా రేడియో పెట్టుకుని క్యాబేజీ చారు కాచుకుంటోంది. తలుపు చప్పుడైంది. ఆ తలుపు ఎవరైనా తట్టడం అదే మొదటిసారి కాబట్టి, పక్కింటిదేమో అనుకుంది. మళ్లీ తట్టారు.

తీసి చూస్తే బల్దోమేరో గారు. మెట్లెక్కి ఆయాసపడుతున్నారు. మంచి కోటు వేసుకున్నారు. చంకలో గొడుగు, చేతిలో చేపకూర పెట్టి కాల్చిన రొట్టె పొట్లం.

"అంగడి వీధికి దారెటమ్మాయ్?"

అంగడి వీధి ఆమె కిటికీ కిందే ఉంది. అక్కడి కూరలవాళ్ల కేకలు ఆ గదిలోకి వినబడుతూనే ఉన్నాయి. సబేలా వెనక్కి వెళ్లి రేడియో కట్టేసి, తిరిగొచ్చి గుమ్మానికి చేరగిలబడింది.

"ఎటునుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ఇంతకీ మీరెవరింటి వారు?"