గట్టు మీది చంద్రుడి రాయి

మొన్న టీవీలో చంద్రుడి మట్టిలో గంధకం దొరికిందని యాంకరమ్మ మురిసిపోతుంటే నాకు ఒళ్ళు మండి టీవీ కట్టేశాను. చంద్రుడి పేరెత్తితే చాలు, ఇప్పటికీ నా గొంతులో మిరపకారం ఘాటు తగులుతుంది.

ఎనభైల్లో మా చిన్నమామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఎక్కడో పెద్ద ఊళ్ళో ప్రయోగశాలలో, వ్యోమగాములు తెచ్చిన చంద్రుడి రాళ్ళనూ మట్టినీ పరీక్షించేవాడు. చిటికెడు మట్టిలో కోట్లలో ఒక వంతుండే లోహాలను పట్టుకోవడం ఆయన పని. “చంద్రుడి రాళ్ళలో జింకూ సోడియమూ మరీ తక్కువ అమ్మాయ్, మన రాళ్ళకీ వాటికీ అదే తేడా” అని అన్నం దగ్గర కూడా అదే పాఠం. చంద్రుడి నుంచి ఊడిపడ్డ రాయొకటి మన భూమ్మీదే దక్షిణ ధ్రువం మంచులో దొరికిందని తేలినప్పటి నుంచి ఆయనకు ప్రతి నల్లరాయి మీదా అనుమానమే. ఆ ఏడు మిరపకోతలప్పుడు ప్రత్తిపాడు దగ్గర మా ఊరొచ్చి, పొలం గట్టు మీద గుంటలు పడ్డ నల్లరాయి చూశాడు. ముక్క కొట్టబోతే సుత్తికి లొంగలేదట. గునపంతో మొత్తం పెకలించి, ఇంటికి మోయించుకొచ్చి, పసుపూ కుంకుమా అంటి ఉంటే లెక్కలు పాడవుతాయని సబ్బు పెట్టి తోమాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. అది మా తాత పంపకాలనాడు నాటి, నాన్న చేతా పెదనాన్న చేతా దాని మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించిన హద్దురాయి.

మధ్యాహ్నం నాన్న ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే పెదనాన్న గొడ్డలితో వచ్చాడు.

“ఒరేయ్! బావమరిది చేత హద్దురాయి పీకిస్తావట్రా?”

“నాకు తెలీదన్నయ్యా, ఒట్టు!”

“ఒట్టేసిన రాయే పీకించావు గదరా!”

మామయ్య మధ్యలోకి వచ్చి, “పెద్దబావగారూ, అది చంద్రుడిదేమోనని...” అన్నాడు.

“చంద్రుడు ఎవడి బాబుదైతే నాకేంటి? పొలం నా బాబుది!” అంటూ పెదనాన్న ఆయన మీదకే గొడ్డలెత్తాడు. అక్కడే కారం దంచుతున్న అమ్మ, తమ్ముడు పోతాడని, దోసెడు కారం తీసి బావగారి కళ్ళల్లో కొట్టింది. కళ్ళు కనపడని మనిషి గొడ్డలి మాత్రం ఆపలేదు. అడ్డం పెట్టిన నాన్న కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి వేలాడింది. మిరపకాయల ఎరుపులో నెత్తురెంత కారిందో కూడా తెలియలేదు. “తమ్ముడూ, నీకు తగిలిందట్రా?” అని పెదనాన్న కళ్ళు నులుముకుంటూ ఆ కాయల్లో మోకాళ్ళ మీద తడుముకున్నాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆ చెయ్యి తీసేశారు. పెదనాన్న జైలుకెళ్ళాడు.

తర్వాత ప్రయోగశాలలో పరీక్షిస్తే రాయిలో జింకూ సోడియమూ నిండుగా ఉన్నాయట. మన కొండరాయేనని మామయ్య తలవంచుకుని చెప్పి, మళ్ళీ నాటిస్తానన్నాడు. ఎక్కడ నాటాలి? ఈలోగా వానకు గుంత పూడిపోయింది. పెదనాన్న ఇంటివాళ్ళు ఒకచోట చూపిస్తే మేము ఇంకోచోట చూపించాం, మళ్ళీ కర్రలు లేచాయి. చివరికి ఆ రెండు చోట్ల మధ్య చాళ్ళు ఎవరూ దున్నకుండా వదిలేశారు.

జైలు నుంచి వచ్చాక పెదనాన్న ఆ బీడుకు అవతల నిలబడి, నాన్న ఎడంచేత్తో కలుపు తీయడం చూస్తూ ఉండేవాడు. ఒకసారి “నే తీస్తాలేరా” అన్నాడు. నాన్న ఇంకాస్త దూరపు చాలుకు జరిగాడు. ఇద్దరూ అలాగే పోయారు. మామయ్య లెక్కల్లో రాళ్ళకు వందల కోట్ల ఏళ్ళు. మా ఇంట్లో అన్నదమ్ముల కాలం ఒక్క మధ్యాహ్నంతో అయిపోయింది.