మోకాలెత్తు మొదళ్లు

"చెట్లు నరకడం చూసి భయపడ్డానండి. నరికినవాళ్లే మొదళ్లు వదిలేస్తున్నారని చూడలేదు. అదీ నా తెలివి! కాఫీ చల్లారిపోతుంది, ముందు తాగండి."

చంద్రరావు గారు మోకాళ్లకు నూనె రాసుకుంటూ చెబుతున్నారు. నిడదవోలు దగ్గర పల్లెలో పుట్టి, రంపచోడవరం పైన జీలుగుమెట్ట కొండకు పదహారేళ్లు అడవి వాచరుగా కాపలా కాసి, మూడు నెలల కిందట రిటైరయ్యారు. ఎదురుగా కూర్చున్న హైమవతి రాజమండ్రిలో టీచరు. ఇలాంటివాళ్ల కబుర్లు రాసుకోవడం ఆవిడ సరదా.

"పోడు కొట్టేవాళ్లు మొదలంటా నరకరండి. మోకాలెత్తున వదిలి, ఎండిన కొమ్మలు తగలబెట్టి సామలు జల్లుతారు. మూడు పంటలు తీసి ఇంకో వాలుకి పోతారు. వెనక మొదళ్లు చిగురేస్తాయి. పదేళ్లకి మళ్లీ అడవే."

"మరి మీరేం చేశారు?"

"పోనివ్వలేదు."

తొంభై నాలుగులో ఆయన కొండరెడ్ల పెద్ద లచ్చిరెడ్డి గుమ్మంలో కూర్చుని, కొత్త వాలు ముట్టుకోవద్దు, ఉన్న ముక్కలోనే ఏటా పండించుకోండని బతిమాలారు. కాలవ కింద పుట్టినవాడికి అందులో వింతేమీ కనబడలేదు. తాత దున్నిన చేలోనే నాన్నా దున్నాడు, ఏటా రెండు పంటలు.

లచ్చిరెడ్డి నవ్వాడట. "మీ చేనుకి కాలవుంది బాబూ. మా చేనుకి ఆకు రాలితేనే బలం."

అయినా ఒప్పుకున్నాడు. అతని కూతురికి మలేరియా వస్తే భుజాన వేసుకుని ఆస్పత్రికి దించింది చంద్రరావు గారే మరి.

నాలుగో ఏటికి సామలు జానెడు కూడా ఎదగలేదు. ఆరో ఏట గింజే లేదు. అప్పుడు కింద నుంచి కర్రబొగ్గులు కొనేవాళ్ల లారీ కొండెక్కింది. తిండి లేనివాళ్లు బట్టీలు పేర్చారు. బొగ్గుకి గట్టి కర్ర కావాలి, దగ్గర్లో ఉన్నవి ఆ మొదళ్లే. గునపాలు దింపి వేళ్లతో సహా పెకలించారు. చంద్రరావు గారు అడ్డంగా పడుకున్నారు.

"లచ్చిరెడ్డే చెయ్యి పట్టుకుని లేపాడండి. 'లెగు బాబూ, నువ్వు చెప్పినట్టే ఉన్నాం. ఈ ముక్క దాటలేదుగా?' అన్నాడు. తిట్టినా బాగుండును."

"కేసు పెట్టలేదా?"

"ఎవరి మీదండి? మొదటి పేరు నాదే రాయాలి."

ఇప్పుడా వాలు బోడి. చెట్టు లేక కొండ ఊట కూడా ఎండిపోయాక లచ్చిరెడ్డి వాళ్లు కూలి వెతుక్కుంటూ దిగువకి వెళ్లిపోయారు. ఎక్కడున్నారో ఈయనకి తెలియదు.

హైమవతి పుస్తకం మూసి లేచింది. చంద్రరావు గారు కూడా గోడ పట్టుకుని లేచారు.

"ఎల్లుండి బడి పిల్లల్ని మారేడుమిల్లి తీసుకెళ్తానన్నారు కదూ? జీలుగుమెట్ట మలుపులో బస్సు ఆపించండి. వాగు ఒడ్డున రాళ్లు పేర్చి ఉంటాయి. బట్టీవాళ్ల కంటపడకుండా వాటి వెనక ఒక మద్దిచెట్టు మొదలు దాచాను. నేను దిగొచ్చేనాటికి ఇంకా చిగురెయ్యలేదు. చిగురుంటే ఒక కార్డు ముక్క రాయండమ్మా. లేకపోతే వద్దు. కార్డు రాకపోతే నాకే తెలుస్తుంది లెండి."