గ్రీజు కలిపిన నూనె

ఏ నూనె చేతికి వచ్చినా ఇస్సాకు ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసేవాడు. వేళ్ళు మెల్లగా విడదీస్తే నూనె తీగలా సాగాలి. సాగితే బండికి మంచిది, తెగితే పనికిరానిది. మొగులయ్య మేస్త్రి దగ్గర పనిలో చేరిన మొదటి వారం నేర్చుకున్న పరీక్ష అది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని అనుమానించలేదు.

చాంద్రాయణగుట్టలో భూగర్భ జలాల సర్వే చేసే ప్రభుత్వ కార్యాలయం ఒకటి ఉండేది. దాని వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్ళుగా అతను రోజుకూలీ మెకానిక్. 1983లో పాత రోజుకూలీలను పర్మనెంట్ చేయడానికి పేర్లు పంపమని పైనుంచి కాగితం వచ్చింది. నలభై ఐదు దాటినవాళ్ళ పేర్లు పంపకూడదు. ఇస్సాకుకు ఇంకా రెండు నెలలే మిగిలాయి. పేరు రాయవలసింది ఇంజనీరు వైకుంఠం.

"వెనక డిఫరెన్షియల్ ఏడాదిల రెండుసార్లు పోయింది. రెండుసార్లు తాడు కట్టి గుంజుకొచ్చినం" అన్నాడు వైకుంఠం. "సోమవారం క్యాంపుకు పోతున్న. ఘాట్ దిగాలె, కృష్ణ ఒడ్డుదాక. జీపు మంచిగ పోయి మంచిగ వస్తే బుధవారం నీ పేరు రాస్త. మళ్ళీ తాడు కట్టుకొని వస్తే ఏమని రాయమంటవు?"

"పోయొస్తది సార్" అన్నాడు ఇస్సాకు.

వెనక ఇరుసు మధ్యలో ఉబ్బుగా ఉండే ఆ గుండులో పళ్ళచక్రాలు అరిగిపోయాయి. కొత్తవి కావాలని రాసి ఎనిమిది నెలలైంది, రాలేదు. జీపు ముప్పై మైళ్ళ వేగం అందుకోగానే వెనక నుంచి ఏడుపు లాంటి శబ్దం మొదలయ్యేది. అతని చేతిలో మిగిలింది ఒక్కటే, ఏ నూనె పొయ్యాలన్నది.

షెడ్డులో ఉన్నది ఎప్పుడూ పోసే తొంభై నంబరు నూనె. అది కాక, బార్కస్‌లో ఉండే హబీబ్ భాయ్ ఇచ్చిన డబ్బా ఒకటి ఉంది. హబీబ్ సౌదీలో ఇసుక మీద బండ్లు నడిపి వచ్చినవాడు. అతని స్కూటర్ బాగుచేసినందుకు ఇచ్చాడు.

"ఇస్సాకు భాయ్, ఇది జమీన్ల నుంచి తీసిన తేల్ గాదు. కార్ఖానాల తయారు జేసింది, సింథటిక్. రేగిస్తాన్ల మూడేండ్లు ఇదే పోసి నడిపిన. ఎండకు పల్చబడదు, చలికి గడ్డగట్టదు. ఎంత బరువు గుంజినా పండ్ల మీద నిలబడుతది. కండ్లు మూసుకొని పొయ్యి."

ఇస్సాకు కళ్ళు మూసుకోలేదు. వేళ్ళ మధ్య రుద్దాడు. తీగ సాగలేదు.

పక్కన నిలబడి చూస్తున్న వాచ్‌మన్ సాయిలు నవ్వాడు. "గిదేం నూనె అన్నా? పూరీలు గాల్చుకుందామా?"

"అరబ్బోళ్ళ నూనె ర."

"అరబ్బోళ్ళు అత్తరు పూసుకుంటరు గని, గిది జీపుకు పోస్తరా? సారు ఇంట్ల అమ్మగారికియ్యి, తాళింపుకు పనికొస్తది."

ఆదివారం సాయంత్రం ఇస్సాకు ఆ డబ్బాను అలమరలో పెట్టేశాడు. ఆ పల్చని నూనె పోస్తే శబ్దం తగ్గదు. శబ్దం తగ్గకపోతే వైకుంఠం జీపు ఎక్కిన రెండు నిమిషాలకే దిగిపోతాడు. అమ్మకానికి పెట్టే పాత బండ్లకు మొగులయ్య మేస్త్రి చేసే పని ఒకటి అతనికి గుర్తుంది. తొంభై నంబరు నూనెలో సగానికి సగం గ్రీజు కలిపి డిఫరెన్షియల్‌లో కూరేవాడు. దాన్ని బండి నోరు కట్టడం అనేవాడు. కొనేవాడు చాలాసేపు తిప్పి చూసినా చప్పుడు వినపడేది కాదు. ఇస్సాకు రేకు డబ్బాలో గ్రీజూ నూనే కలిపి కర్రతో తిప్పాడు. వేళ్ళ మధ్య అది తాడులా సాగింది. దాన్నే జీపు గుండులో కూరాడు.

సోమవారం ఉదయం ఆరింటికి డ్రైవర్ దుర్గయ్య జీపును గేటు ముందు రోడ్డు మీద వేగంగా అటూ ఇటూ తిప్పి చూపించాడు. చప్పుడు లేదు. వెనక బోరు పరికరాల ట్రైలర్ తగిలించారు. వైకుంఠం ఎక్కి కూర్చుని, "శభాష్ ఇస్సాకు" అన్నాడు. పదకొండేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు.

ఎనిమిదింటికి ఇస్సాకు మిగిలిన మిశ్రమం ఉన్న డబ్బా తీసి పక్కన పెట్టబోయాడు. నిన్న కర్ర తీసేసినప్పుడు పడిన గాడి అలాగే ఉంది. రాత్రంతా గడిచినా పూడలేదు. వేలితో ఇంకో గీత గీశాడు. అదీ పూడలేదు.

అతను డబ్బాను కింద పెట్టి దాని ముందే కూర్చుండిపోయాడు. లోపల చక్రం కూడా ఇలాగే తనకొక దారి కోసుకుంటుంది. నూనె గోడలకు అంటుకుని అక్కడే ఆగిపోతుంది. షాఫ్టును మోసే ముందు బేరింగ్ దాకా చుక్క కూడా పోదు. అమ్మకం బండి బజారులో నాలుగు వీధులు తిరిగితే చాలు, ఇది నూట యాభై కిలోమీటర్లు పోయి, వెనక ట్రైలర్‌తో ఘాట్ దిగాలి. అక్కడ బేరింగ్ పట్టేస్తే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి.

వేడికి గ్రీజు కరుగుతుందేమో. కరిగి పారుతుందేమో. మేస్త్రి నోరు కట్టిన బండ్లు ఎన్ని ఆగిపోయాయో ఎవరు చూశారు? బుధవారం ఇంకా రెండు రోజులే. అలా అరగంట కూర్చున్నాడు. తరవాత అలమరలోంచి హబీబ్ ఇచ్చిన డబ్బా, ఒక సీసాలో కిరోసిన్, రెండు పానాలు సంచిలో వేసుకుని శ్రీశైలం బస్సు ఎక్కాడు.

బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. ఆమనగల్లులో వైకుంఠం బావులు కొలవాలి, దానికి రెండు గంటలు పడుతుంది. అదే అతని ఆశ. కిటికీలోంచి ఎదురుగా తాడు కట్టిన జీపు వస్తుందేమోనని చూస్తూనే ఉన్నాడు. రావాలని అనుకున్నాడా, రాకూడదని అనుకున్నాడా, తరవాత భార్య సుందరమ్మ అడిగితే చెప్పలేకపోయాడు.

జీపు డిండిలో, గెస్ట్‌హౌస్ చెట్టు కింద కనిపించింది. ఇస్సాకు దూకినంత పని చేసి దిగి, వెళ్ళి గుండు మీద చెయ్యి పెట్టి వెంటనే లాగేసుకున్నాడు.

"నువ్వేంది అన్నా గిట్లొచ్చినవ్?" అన్నాడు దుర్గయ్య బీడీ తీసి.

ఇస్సాకు చెప్పాడు. దుర్గయ్య గెస్ట్‌హౌస్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "సారు తిని పండుకున్నడు. గంట దాక లేవడు. గప్‌చుప్‌గ మార్చెయ్. అడిగితే ఆయిల్ లీకైందని నేను జెప్త. నీ ఉద్యోగం ఉంటది, నా పానం ఉంటది."

ఇస్సాకు కిందికి దూరి బిరడా విప్పాడు. మిశ్రమం ధారగా రాలేదు, ముద్దలుగా పడింది. కిరోసిన్ పోసి కడిగాడు. ముందున్న షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపితే టక్కుమంది. నిన్న ఆ టక్కు లేదు. హబీబ్ నూనె పోసి బిరడా బిగించాడు కానీ కిందినుంచి బయటికి రాలేదు.

"అయిందా అన్నా?"

"బేరింగ్ దెబ్బతిన్నది. ఈ నూనెతోని ఒట్టి జీపు పోవచ్చు. ట్రైలర్ గుంజుకొని ఘాట్ దిగొద్దు."

"ట్రైలర్ ఇడిసిపెట్టుమంటే సారు ఇంటడా? లీకైతే ట్రైలర్‌కేమైంది అంటడు."

"అంటడు" అన్నాడు ఇస్సాకు.

వైకుంఠం నిద్ర లేచి మెట్లు దిగేసరికి అతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గ్రీజు సంగతి అంతా చెప్పాడు. ఎందుకు కలిపాడో కూడా చెప్పాడు. వైకుంఠం కింద పడిన ముద్దలను చెప్పు కొనతో కదిపి చూశాడు.

"నన్ను మోసం జేసినవా?"

"జేసిన సార్."

"తెలిసి?"

"చప్పుడు పోతదని తెలుసు సార్. బేరింగ్ పోతదని తెల్వదు."

వైకుంఠం దుర్గయ్యను పిలిచాడు. ట్రైలర్‌ను గెస్ట్‌హౌస్‌లో విడిపించాడు. జీపు ఏడుస్తూ కదిలి, అచ్చంపేట మలుపు వైపు పోయింది. ఇస్సాకును ఎక్కమని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం ఎండలో వేరుసెనగ బస్తాల లారీ ఎక్కి తిరిగి వచ్చాడు.

మంగళవారం జీపు తన కాళ్ళ మీదే వెనక్కి వచ్చింది. బుధవారం ఆఫీసు నుంచి పోయిన జాబితాలో మూడు పేర్లున్నాయి. ఇస్సాకు పేరు లేదు. గేటు దగ్గర దుర్గయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఘాట్ల ఏం గాలే అన్నా. మంచిగ దిగినం, మంచిగ ఎక్కినం. ట్రైలర్ ఉన్నా గూడ ఏం గాకపోవునేమో."

ఓదార్పుగానే అన్నాడు. ఇస్సాకు ఆ మాటను ఏళ్ళ తరబడి మోశాడు. ఎప్పుడైనా ఆ డిఫరెన్షియల్ విప్పితే, లోపలి బేరింగ్ చూసి నిజం తెలుసుకుందామని అనుకునేవాడు. కొత్త చక్రాలు వచ్చేదాకా గుండు విప్పొద్దని జీపును పక్కన పెట్టారు, అవి రాలేదు. ఏడాదిన్నరకు జీపును విప్పకుండానే వేలం వేశారు. కొన్నవాడు బేగంబజార్ పాత ఇనుము వ్యాపారి. ఇస్సాకు అతని వెంట గేటు దాకా నడిచి, గుండు విప్పేటప్పుడు ఒక్కసారి కబురు పెట్టమని అడిగాడు.

"ఎందుకయ్యా?" అన్నాడు వ్యాపారి. "నీకేం పని దాంతోని?"

 లారీ జీపును లాక్కుని పోయింది. ఇస్సాకు షెడ్డులోకి వెళ్ళి, ఆ రోజు కూలీకి హాజరు వెయ్యమని గుమాస్తాను అడిగాడు.